రోజూ నడవాలంటే రోజూ కొత్తగా నడవాలి

2016 జులైలో పోకెమాన్ గో అనే ఫోన్ ఆట వచ్చింది. ఇంట్లో కూర్చుని ఆడితే కుదరదు. వీధుల్లో తిరుగుతుంటేనే తెర మీద బొమ్మప్రాణులు కనబడతాయి, వెంటాడి పట్టుకోవాలి. ఎవరెంత చెప్పినా కుర్చీ వదలని కుర్రకారు ఈ ఆట కోసం పార్కులన్నీ చుట్టేశారు. జనాన్ని నడిపించే మంత్రం ఇన్నాళ్లకు దొరికిందని చాలామంది సంబరపడ్డారు. అప్పుడు హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలో ఈ ఆట ఆడుతున్న యువతీయువకుల ఫోన్లలో నమోదైన అడుగుల లెక్కలు తీసి చూశారు. మొదటి వారంలో ఒక్కొక్కరూ రోజుకు సగటున 955 అడుగులు ఎక్కువ వేశారు. ఆ పెరుగుదల వారం వారం తరిగిపోతూ వచ్చింది. ఆరో వారానికి అందరూ పాత లెక్కకే చేరుకున్నారు.

ఈ ఆరు వారాల కథ మనకు కొత్తదేమీ కాదు. జనవరి ఒకటిన కొత్త బూట్లు కట్టుకుని నడక మొదలుపెట్టినవాళ్లలో చాలామంది శివరాత్రి నాటికి పార్కులో కనిపించరు. అడిగితే ‘బద్ధకం’ అంటారు, తమను తామే తిట్టుకుంటారు. నిజానికి అందులో స్వభావదోషం కన్నా మెదడు పనిచేసే తీరే ఎక్కువ. ఆ తీరు తెలుసుకుంటే నడకను ఏళ్ల తరబడి ఇష్టంగా కొనసాగించవచ్చు.

విసుగు ఎక్కడ పుడుతుంది?

మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలున్నాయి. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త 1990లలో కోతుల మెదళ్లలో ఈ కణాల స్పందనను నమోదు చేశారు. అనుకోకుండా నోట్లో పండ్లరసం చుక్క పడితే కణాలు ఒక్కసారిగా చురుకయ్యాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతి నేర్చుకున్న తర్వాత మాత్రం దీపం వెలగగానే స్పందించి, అదే రసం నోట్లో పడినప్పుడు మామూలుగా ఉండిపోయాయి. అంటే ఈ కణాలు ఆనందాన్ని కొలవడం లేదు. ఊహించినదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న తేడాను లెక్కగడుతున్నాయి. తేడా లేకపోతే వాటికి పని లేదు.

ఇప్పుడు ఒకే పార్కులో, ఒకే దిక్కుగా, అవే పది చుట్లు తిరిగే మనిషిని తలచుకోండి. ఏ మలుపు తర్వాత ఏ బెంచీ వస్తుందో మెదడుకు ముందే తెలుసు. తెలిసినదాన్ని పట్టించుకోవడం అది మానేస్తుంది. మిగిలేది గడియారం, కాళ్ల నొప్పి. విసుగుకు ఇదొక ముఖ్య కారణం.

మియామీ, న్యూయార్క్ నగరాల్లో ఆరన్ హెల్లర్, కేథరిన్ హార్ట్లీ బృందం కొన్ని నెలల పాటు మనుషుల కదలికలను జీపీఎస్ ద్వారా గమనించి 2020లో ఫలితాలు ప్రకటించింది. ఎక్కువ రకాల చోట్లకు వెళ్లిన రోజుల్లో తాము ఉల్లాసంగా ఉన్నట్టు వాళ్లు చెప్పారు. కొత్త చోట్లను గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్‌కూ ప్రతిఫలాన్ని లెక్కించే స్ట్రయాటమ్‌కూ మధ్య అనుసంధానం గట్టిగా ఉన్నవాళ్లలో ఈ సంబంధం మరింత బలంగా కనిపించింది. కొత్త వీధిలోకి తిరిగితే మనసు తేలికపడటం వెనుక మెదడు పనితీరు కూడా ఉందన్నమాట.

అలవాటుకు మాత్రం మార్పు గిట్టదు

కొత్తదనం ఒక్కటే చాలదు. అలవాటు పడాలంటే ఏదో ఒకటి స్థిరంగా ఉండాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ఒక లెక్క చెప్పింది. కాఫీ తాగాక, భోజనమయ్యాక అన్నట్టు రోజూ జరిగే ఒక పనికి కొత్త పనిని జతచేస్తే, అది ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు సరిపోతే, మరికొందరికి 254 రోజుల దాకా పట్టేలా ఉందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ కనబడలేదు. ఒకరోజు మానేశాం కాబట్టి అంతా పోయిందని ఆపేసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అలాగని పట్టుదల మరీ బిగుసుకుపోకూడదు. గూగుల్ ఉద్యోగులు 2,500 మందికి పైగా పాల్గొన్న ఒక ప్రయోగంలో కొందరికి ‘మీరు ఎంచుకున్న వేళకు జిమ్‌కు వెళితేనే డబ్బు’ అన్నారు. ఇంకొందరికి ‘ఎప్పుడు వెళ్లినా సరే’ అన్నారు. మొదటి గుంపువాళ్లు ఆ వేళకు బాగానే వెళ్లారు కానీ, అది తప్పితే ఆ రోజుకు ఇక వెళ్లలేదు. మొత్తం మీద రెండో గుంపే ఎక్కువగా వెళ్లింది. కాబట్టి నడకకు ఒక వేళ పెట్టుకోవాలి, అది తప్పితే రెండో వేళ కూడా ముందే అనుకుని ఉంచుకోవాలి. పొద్దున ఆరింటికి కుదరకపోతే రాత్రి భోజనం తర్వాత.

ఇక్కడే అసలు సూత్రం ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం తినడం ఎవరికీ విసుగనిపించదు, రోజూ అదే కూర పెడితే మాత్రం ముద్ద దిగదు. నడకదీ అదే దారి. వేళ స్థిరంగా ఉండాలి, ఆ వేళలో జరిగేది మారుతూ ఉండాలి. ఏమేం మార్చవచ్చో చూద్దాం.

వేగం మార్చండి

జపాన్‌లోని మత్సుమోతో పట్టణంలో షిన్షు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి హిరోషి నోసే బృందం నడివయసు వారినీ వృద్ధులనూ మూడు గుంపులు చేసి అయిదు నెలలు పరిశీలించింది. ఒక గుంపు ప్రత్యేకంగా నడవలేదు. రెండో గుంపు రోజుకు 8,000 అడుగులు మామూలు వేగంతో నడిచింది. మూడో గుంపు మూడు నిమిషాలు జోరుగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా అయిదు విడతలకు తగ్గకుండా వారానికి నాలుగు రోజులు నడిచింది. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడో గుంపు తొడ కండరాల బలం 13 నుంచి 17 శాతం పెరిగింది. గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం మెరుగైంది. పై రక్తపోటు రెండో గుంపులో కన్నా ఎక్కువగా తగ్గింది.

కారణం కష్టమైనదేమీ కాదు. కండరం బలపడాలంటే దానికి అలవాటైన దానికన్నా కాస్త ఎక్కువ పని పడాలి. జోరుగా నడిచే మూడు నిమిషాల్లో ఆ పని పడుతుంది, నెమ్మదిగా నడిచే మూడు నిమిషాల్లో తేరుకుంటుంది. విసుగు కోణంలో చూసినా ఇది మంచి పద్ధతే. అరగంట అనే పెద్ద బరువు చిన్న చిన్న ముక్కలవుతుంది. మూడు నిమిషాలు ఎవరైనా ఓర్చుకోగలరు.

గడియారం చూడటం ఇష్టం లేకపోతే కరెంటు స్తంభాలు చాలు. రెండు స్తంభాల దూరం జోరుగా, రెండు స్తంభాల దూరం నెమ్మదిగా నడవవచ్చు. చూపు కూడా ఇక్కడ పనికొస్తుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఎమిలీ బాల్సెటిస్ బృందం కాళ్లకు బరువులు కట్టి కొందరిని నడిపించింది. చుట్టూ చూస్తూ నడిచినవాళ్ల కన్నా, ఎదురుగా ఉన్న గమ్యం మీదే చూపు నిలిపినవాళ్లు 23 శాతం వేగంగా నడిచారు. శ్రమ కూడా తక్కువే అనిపించిందని చెప్పారు.

ఎంత జోరు సరిపోతుంది? నిమిషానికి దాదాపు 100 అడుగులు పడితే పెద్దవాళ్లకు మధ్యస్థాయి వ్యాయామం కింద లెక్క. పక్కవారితో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతుంటే ఆ స్థాయిలో ఉన్నట్టే.

చెవికి పని పెట్టండి

పాటకూ అడుగుకూ పాత చుట్టరికం ఉంది. లయ వినబడగానే కాలు దానికి తగ్గట్టు పడుతుంది. వినికిడికీ కదలికకూ సంబంధించిన మెదడు భాగాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటమే దీనికి కారణం. పార్కిన్సన్స్ జబ్బుతో అడుగు తడబడేవారికి ఇచ్చే చికిత్సలోనూ లయబద్ధమైన చప్పుళ్లను వాడతారు. పాటలు వింటూ మధ్యస్థాయి వ్యాయామం చేసేవారికి అంతే శ్రమ తక్కువగా అనిపిస్తుందని లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాగియోర్గిస్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. నిమిషానికి 110 నుంచి 120 దెబ్బలు పడే పాటలు చురుకైన నడకకు సరిగ్గా సరిపోతాయి. మన సినిమాల్లో అలాంటి హుషారు పాటలకు కొదవ లేదు. జోరు విడతకు ఒక పాట, నెమ్మది విడతకు ఒక మెలోడీ పెట్టుకుంటే గడియారం అక్కర్లేదు.

పాటల కన్నా కథ ఇంకా గట్టిగా లాగుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కేటీ మిల్క్‌మన్ బృందం కొందరికి ఇష్టమైన నవలలను ఆడియో రూపంలో ఇచ్చింది, అయితే వాటిని జిమ్‌లోనే వినాలి. తర్వాత ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆత్రం వాళ్లను జిమ్‌కు రప్పించింది. మొదట్లో వాళ్లు మిగతావారి కన్నా 51 శాతం ఎక్కువగా వెళ్లారు. మధ్యలో పండుగ సెలవులు వచ్చేసరికి ఆ జోరు తగ్గిందనీ 2014లో వచ్చిన ఆ పరిశోధన చెబుతోంది. అయినా చివర్లో అడిగితే, ఇలాంటి కట్టడి కోసం సొంత డబ్బు పెట్టడానికి కూడా 61 శాతం మంది సిద్ధపడ్డారు.

మనం ఇంట్లోనే ఈ నియమం పెట్టుకోవచ్చు. ఇష్టమైన ఆడియో నవల, ప్రవచనం, పాత రేడియో నాటకం నడిచేటప్పుడు మాత్రమే వినాలి. మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఆపేసి ఇంటికి రావాలి. పండుగలకో పెళ్లిళ్లకో తెగిపోతే, తిరిగి వచ్చిన మర్నాడే కొత్త కథతో మొదలుపెట్టాలి. రోడ్డు మీద నడిచేవాళ్లు మాత్రం ఒక చెవి ఖాళీగా ఉంచుకోవాలి. వెనకనుంచి వచ్చే బండి చప్పుడు వినబడి తీరాలి.

కంటికి పని పెట్టండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్గం ఇది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వర్జీనియా స్టర్మ్ బృందం 52 మంది వృద్ధులను ఎనిమిది వారాల పాటు వారానికోసారి 15 నిమిషాలు నడవమంది. సగం మందికి ఒక మాట అదనంగా చెప్పింది: చుట్టూ ఉన్నవాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూడండి, అబ్బురం కోసం వెతకండి. ఇరు గుంపులూ నడిచేటప్పుడు తమ ఫొటోలు తామే తీసుకున్నారు. వారాలు గడిచేకొద్దీ అబ్బురం కోసం వెతికిన గుంపువాళ్ల చిరునవ్వు విప్పారింది. ఫొటోలో వాళ్లు చిన్నగా అయిపోతూ, వెనకున్న ప్రపంచం పెద్దదవుతూ వచ్చింది. దిగులు తగ్గిందని, తోటివారి మీద కరుణ, కృతజ్ఞత పెరిగాయని కూడా చెప్పారు.

అబ్బురం కోసం హిమాలయాలకు వెళ్లక్కర్లేదు. మన ఊళ్లో చెట్లు నెలకో వేషం కడతాయి. మాఘ ఫాల్గుణాల్లో ఆకులన్నీ రాల్చుకున్న మోదుగ, బూరుగ కొమ్మలు ఎర్రగా మండుతుంటాయి. ఉగాది ముందు వేప పూత వాసన వీధి పొడవునా పరుచుకుంటుంది. ఎండలు ముదిరేకొద్దీ రేల పసుపు గుత్తులు వేలాడదీస్తుంది, తురాయి ఎర్రబడుతుంది. వానల్లో కదంబం, ఆ తర్వాత ఏడాకుల పాల, కార్తీకంలో తెల్లవారేసరికి కాలిబాట నిండా రాలిన ఆకాశమల్లెలు. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి దాని చిగురు, పూత, కాయ గమనించి రాసుకోండి. ఇలాంటి వివరాలను దేశమంతటా సేకరించే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. వాతావరణం మారుతుంటే చెట్ల రుతుక్రమం ఎలా మారుతోందో తెలుసుకోవడానికి మీ లెక్క కూడా పనికొస్తుంది.

పక్షుల సంగతీ అంతే. కోయిల వేసవిలో ఎందుకంత కూస్తుంది? అది మగపక్షి జతకోసం పిలిచే కాలం. చలికాలంలో గుంపులుగా వాలే గులాబీ గోరువంకలు ఎక్కడివి? మధ్య ఆసియా, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చినవి. మెర్లిన్ అనే ఉచిత యాప్ కూత విని పిట్ట పేరు చెబుతుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా జరిగే పక్షుల లెక్కింపులో ఎవరైనా పాల్గొనవచ్చు, 15 నిమిషాలు చూస్తే చాలు. నడకలో పిల్లలు వెంట రావాలంటే ఇంతకన్నా మంచి ఎర లేదు.

దారులు మార్చడం కూడా కంటికి పనే. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవాళ్లు ఒకరోజు ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లవచ్చు. విశాఖవాసులకు తెల్లవారుజామున బండ్ల బెడద లేని ఆర్కే బీచ్ రోడ్డు ఉంది. అవేమీ లేని ఊళ్లో చెరువుగట్టు, కాలవగట్టు, రైతుబజారు దారి ఉండనే ఉన్నాయి. అదే పార్కులో ఎదురు దిక్కుగా తిరిగినా చూపు మారుతుంది.

తోడు వెతుక్కోండి

మన పట్టణాల్లో వాకర్స్ క్లబ్బులకు ఉన్నంత ఆదరణ చాలా కొద్ది సంఘాలకే ఉంటుంది. వాటి బలం శాస్త్రీయంగా తేలినదే. బృందాలుగా నడిచేవారి మీద జరిగిన 42 అధ్యయనాలను, అంటే 1,843 మంది వివరాలను, బ్రిటన్ పరిశోధకులు 2015లో కలిపి చూశారు. రక్తపోటు, విశ్రాంతిలో గుండెవేగం, ఒంట్లో కొవ్వు తగ్గాయి. కుంగుబాటు లక్షణాలూ తగ్గాయి. అన్నిటికన్నా విలువైన సంగతి, మధ్యలో మానేసినవాళ్లు తక్కువ. ‘రేపు ఆరింటికి గేటు దగ్గర ఉంటాను బావా’ అని ఒకసారి మాటిచ్చాక మంచం వదలక తప్పదు. అయితే కబుర్లలో పడి కాళ్లు నెమ్మదించకుండా చూసుకోవాలి.

గమ్యం పెట్టుకోండి, లెక్కకు లొంగకండి

గమ్యం దగ్గరయ్యేకొద్దీ వేగం పెరుగుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త క్లార్క్ హల్ 1932లోనే సూత్రీకరించారు. దీన్ని నడకకు వాడుకోవచ్చు. గోడ మీద పటం అంటించి, రోజూ నడిచిన దూరాన్ని హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో గుర్తుపెట్టండి. దూరం దాదాపు 275 కిలోమీటర్లు. రోజుకు మూడు కిలోమీటర్ల చొప్పున చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ దాటి మూడు నెలల్లో కృష్ణ ఒడ్డుకు చేరతారు. భక్తి ఉన్నవారికి గమ్యాలు ముందే ఉన్నాయి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్లు. వాటికి నెలల ముందు నుంచే నడకతో సిద్ధపడితే యాత్ర సాఫీగా సాగుతుంది, సాధనకూ అర్థం దొరుకుతుంది.

రోజుకు 10,000 అడుగులన్న లెక్క గురించి ఒక మాట. అది వైద్యశాస్త్రం నుంచి వచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులో ఆ సంఖ్య ఉంది. హార్వర్డ్‌కు చెందిన ఐ మిన్ లీ బృందం 16,741 మంది వృద్ధ మహిళలను గమనించి 2019లో తేల్చినదేమిటంటే, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కన్నా 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు గణనీయంగా తక్కువ. 7,500 అడుగుల దగ్గర ఆ మేలు నిలకడకు వచ్చింది. పదివేలు అందలేదని బాధపడి మానేయడం కన్నా నాలుగువేలు సంతోషంగా నడవడం ఎంతో మేలు.

లెక్కకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జోర్డన్ ఎట్కిన్ చేసిన ప్రయోగాల్లో, అడుగులు లెక్కపెట్టుకున్నవాళ్లు ఎక్కువే నడిచారు కానీ ఆ నడకను తక్కువగా ఆనందించారు. సరదా పని కాస్తా ఉద్యోగంలా తయారైంది. వారానికి ఒకటి రెండు రోజులు వాచీ, ఫోను లెక్కలు పక్కనపెట్టి నడవండి.

బుర్రకు పని పెట్టండి

ఆ లెక్కల్లేని రోజున వెంట ఒక ప్రశ్నను తీసుకెళ్లండి. స్టాన్‌ఫోర్డ్‌లో మారిలీ ఒపెజ్జో, డేనియల్ ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో కూర్చున్నప్పటి కన్నా నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువగా వచ్చాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఫలితం దక్కింది. నడిచి వచ్చి కూర్చున్నాక కూడా కాసేపు ఆ చురుకు నిలిచింది. ఒకే ఒక్క సరైన జవాబు ఉండే సమస్యలకు మాత్రం నడక ఉపయోగపడలేదు. కాబట్టి ఇంటి ఖర్చుల లెక్కలు బల్ల దగ్గరే చూసుకుని, కూతురి పెళ్లి ఎలా చేయాలి, దుకాణం ఎలా పెంచాలి, రాస్తున్న కథను ఎలా మలుపు తిప్పాలి వంటి ప్రశ్నలను నడకకు తీసుకెళ్లాలి.

ఇంత తాపత్రయం ఎందుకంటే

నడక ఇచ్చేది చిన్నదేమీ కాదు. 2011లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 120 మంది వృద్ధుల్లో సగం మంది ఏడాది పాటు వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున నడిచారు. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్ వారిలో 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది కాస్త కుంచించుకుపోయింది. భోజనం చేసిన కాసేపటికి 15 నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజును లోపలికి లాక్కోగలదు. మధుమేహం ఇంటింటికీ చేరిన మన సమాజానికి రాత్రి భోజనం తర్వాతి ఆ పావుగంట చాలా విలువైనది.

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే కనీస లెక్క సరిపోయింది. సోమవారం మూడు నిమిషాల విడతలు, మంగళవారం కథ, బుధవారం మిత్రుడితో, శుక్రవారం చెట్లూ పిట్టలూ, ఆదివారం కొత్త దారి. ఇలా రాసుకుంటే వారం నిండుతుంది. మే నెల ఎండల్లో పొద్దెక్కకముందే ముగించండి, వానల్లో ఇంట్లోనో మేడ మెట్ల మీదో నడవండి. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకునేవారు జోరు పెంచేముందు డాక్టరును అడగాలి.

రేపటి నడకకు వేళ ఇప్పుడే నిర్ణయించుకోండి. అది తప్పితే ఏ వేళకో కూడా అనుకోండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి: నిన్నటి నడకలో లేనిది రేపటి నడకలో ఏం ఉండబోతోంది? ఆ ప్రశ్నకు రోజూ ఒక జవాబు ఉన్నంతకాలం మీ నడక ఆగదు.